నల్ల బెల్టుకు ముందే వెల కడితే

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల అబ్బాయిని మా కాలనీ దగ్గర కొత్తగా తెరిచిన కరాటే స్కూల్లో చేర్చాలనుకుంటున్నాము. అది అమెరికాలో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక గొలుసు సంస్థకు శాఖ అట. తమది 400 ఏళ్ల జపాన్ సంప్రదాయమని చెప్పారు. 18 నెలల ప్యాకేజీకి 60,000 రూపాయలు ఒకేసారి కడితే నల్ల బెల్టు ఖాయమని, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి రాదని ఒప్పంద పత్రంలో ఉంది. రెండు నెలలకోసారి జరిగే గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) ఫీజు, దుస్తులు, గ్లవుజులు దీనికి అదనం. మా మామగారు ఇది ఉత్త వ్యాపారమని, తాను చిన్నతనంలో ఊరి వ్యాయామశాల అయిన తాలింఖానాలో కర్రసాము పైసా ఖర్చు లేకుండా నేర్చుకున్నానని అంటున్నారు. ఆ స్కూలు నేర్పేది అసలైన విద్యేనా? – ఒక తల్లి, విజయనగరం

జవాబు: మీ ఉత్తరం చదువుతూ నేను ‘ఖాయం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. పిల్లవాడు ఇంకా ఒక్క రోజైనా తరగతికి వెళ్లలేదు. అతనికి విద్య ఎంత వంటబట్టిందో తేల్చవలసిన పరీక్ష ఫలితాన్ని మాత్రం అప్పుడే అమ్మేస్తున్నారు. అక్కడ జరగబోయేది పరీక్ష కాదని ఆ కాగితమే ఒప్పుకుంటున్నది.

400 ఏళ్ల మాట కూడా నిలవదు. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో చేతిపోరు విద్య పాతదే కాని, బెల్టుల పద్ధతి దానిది కాదు. కనో జిగోరో 1882లో టోక్యోలో జూడో నేర్పే కొడోకాన్‌ను స్థాపించి, ఆ మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు మొట్టమొదటి ‘డాన్’ హోదా ఇచ్చాడు. ‘డాన్’ పొందినవారు నల్ల బెల్టు కట్టుకోవడం ఆ దశాబ్దంలోనే మొదలైంది. ఒకినావాకు చెందిన ఫునకోషి గిచిన్ 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి, 1924లో జూడో నుంచి ఎరువు తెచ్చుకున్న ఆ పద్ధతిలోనే తన తొలి శిష్యులకు నల్ల బెల్టులు ఇచ్చాడు. పసుపు, నారింజ, ఆకుపచ్చ వంటి రంగులు యూరప్‌లో వ్యాపించినది ఇంకా తరువాత, 1930లలో. పారిస్‌లో జూడో నేర్పిన కవైషి మికినోసుకే పేరు అందుకు ముఖ్యంగా చెబుతారు. కనుక మీ అబ్బాయి నడుముకు మొదట కట్టబోయే రంగు బెల్టు వయసు నూరేళ్లకు మించదు, దాని వెనుక పాశ్చాత్యుల చేయీ ఉంది. అది తప్పు కాదు. పిల్లలకు దగ్గరి మెట్లు కనిపిస్తే ఎక్కాలనిపిస్తుంది. తప్పల్లా దాన్ని పురాతనమని చెప్పి అమ్మడంలో ఉంది.

ఈ విద్యలు అమెరికాలో గొలుసు స్కూళ్లుగా మారిన తీరు చూస్తే ఆ ఒప్పంద పత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఒకినావా, జపాన్, కొరియాలలో పనిచేసిన అమెరికన్ సైనికులు అక్కడ నేర్చుకున్నది ఇంటికి తిరిగి వెళ్లి నేర్పారు. 1970ల మొదట్లో బ్రూస్ లీ సినిమాలతో యువకులు ఎగబడ్డారు. ఆ తరువాత పిల్లల తరగతులే స్కూళ్లకు ప్రధానమైన ఆదాయమయ్యాయి. పెద్దవాడు తనకు విద్య రాకపోతే తానే గ్రహించి మానేస్తాడు. పిల్లవాడి విషయంలో డబ్బు కట్టేవారు ఒకరు, నేర్చుకునేవారు ఇంకొకరు కనుక, కట్టేవారి కంటికి ఆనేట్టుగా అభివృద్ధి ఏదో ఒకటి తరచుగా చూపించవలసి వస్తుంది. రంగులు పెరిగాయి, ఒక్కో రంగు మధ్య గీతలు పుట్టాయి, ప్రతి గీతకూ ఒక ఫీజు పుట్టింది. ఏడాదికి మించిన ఒప్పందాలు, నల్ల బెల్టు కోసం వేరే ప్రత్యేక బృందాలు, సంస్థ గుర్తు ఉన్న సామగ్రినే కొనాలనే నిబంధన అక్కడివారికి బాగా పరిచయమే. ఇటువంటి స్కూళ్లను హేళనగా పిలవడానికి, హాంబర్గర్ దుకాణాల గొలుసును గుర్తుచేస్తూ, ‘మెక్‌డోజో’ (జపాన్ భాషలో డోజో అంటే శిక్షణశాల) అనే పేరు కూడా అక్కడే పుట్టింది.

మీ మామగారి మాటను నేను సగమే ఒప్పుకుంటాను. డబ్బు పాశ్చాత్యులు తెచ్చిన మైల కాదు. జపాన్‌లో ఎడో కాలపు (1603–1868) కత్తి విద్యాలయాల్లో ఒక్కో స్థాయి అనుమతి పత్రానికీ శిష్యుడు గురువుకు చెల్లించుకునేవాడు. 19వ శతాబ్దంలో చిబా షూసాకు అనే గురువు తన శాఖలో మెట్ల సంఖ్య బాగా తగ్గించి పేరు తెచ్చుకోవడానికి ఆ భారం కూడా ఒక కారణం. మన తాలింఖానాలలోనూ గురువు గాలి భోంచేసి బతకలేదు. ఊరి చందాలు, దసరాకు ఇచ్చే కానుకలు, పెద్దల ఆదరణ ఆయన పొయ్యి వెలిగించాయి. ఆ ఆదరణ తగ్గిన చోట కర్రసాము పండుగ ఊరేగింపులకే మిగిలింది. పైగా ఆ రోజుల్లో తాలింఖానా గడప దాటి లోపలికి వెళ్లిన ఆడపిల్లలు ఎందరో మీ మామగారినే అడిగి చూడండి. నెలకు ఫీజు తీసుకుని, కొడుకుకూ కూతురుకూ ఒకే రకంగా నేర్పే మాస్టారు ఆ లెక్కన మెరుగే.

ఒక విద్య అసలుదా కాదా అన్నది గోడ మీది ఫోటోలను, గురుపరంపర పటాన్ని చూసి తేల్చలేము. ఎదుటివాడు సహకరించనప్పుడు కూడా అది పనిచేస్తుందో లేదో తరగతిలో తరచుగా పరీక్షకు పెడుతున్నారా అన్నది చూడాలి. కనో చేసిన గొప్ప పని ఇదే: ఒప్పుకున్న కదలికలను వల్లించడంతో సరిపెట్టకుండా, నిజంగా ప్రతిఘటించే జోడీతో ‘రండోరి’ అభ్యాసాన్ని విద్యకు వెన్నెముక చేశాడు. నేల మీద పట్లతో సాగే పోరు విద్య బ్రెజిలియన్ జియు-జిట్సును చూడండి. అది పూర్తిగా వ్యాపారమే, ఖండాలు దాటిన గొలుసులు ఉన్నాయి, ఫీజులూ తక్కువ కాదు. అయినా దాని ప్రధాన అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం 16 ఏళ్లు రానివారికి నీలం బెల్టు, 19 ఏళ్లు రానివారికి నల్ల బెల్టు ఇవ్వరు. సాధారణంగా నల్ల బెల్టుకు పదేళ్ల దాకా పడుతుంది. ప్రతి తరగతిలోనూ పట్టు పట్టి పెనుగులాడవలసిందే కనుక, రాని విద్యకు వచ్చిన బెల్టు ఒక్క సాయంత్రం కూడా దాగదు. మన పక్కనే ఉన్న ఉదాహరణ ఇంకా తేలిక. ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. వెయిట్‌లిఫ్టింగ్‌కు పేరుపడ్డ మీ జిల్లాలోని కొండవెలగాడ ఊరి పిల్లలను ఎవరూ ఏ రంగు బెల్టు అని అడగరు. కడ్డీ మీద ఎంత వేశారని అడుగుతారు. పోరు విద్యలో అటువంటి కడ్డీ లేదు కనుకనే నమ్మకం అమ్ముకోవడం సులువైంది.

మీరు చేయవలసింది ఇది. చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లి తరగతి మొత్తం కూర్చుని చూడండి. తల్లిదండ్రులను చూడనివ్వని చోట చేర్చవద్దు. పిల్లలు వరుసలో నిలబడి కటాలు (ఒంటరిగా వల్లించే కదలికల వరుసలు) మాత్రమే చేస్తున్నారా, తగిన రక్షణతో స్పారింగ్ (జోడీతో పోరు అభ్యాసం) కూడా ఉందా గమనించండి. కిందటి గ్రేడింగ్‌లో ఎందరు తప్పారని అడగండి. ఎవరూ ఎన్నడూ తప్పని పరీక్షకు ఫీజు కట్టడమంటే రసీదు కొనుక్కోవడమే. కొరియా పోరు విద్య తైక్వాండోలో 15 ఏళ్ల లోపు పిల్లలకు దాని ప్రధాన కేంద్రమైన కుక్కివాన్ ‘డాన్’ బదులు ‘పూమ్’ అనే వేరే హోదా ఇస్తుంది. మీ స్కూలు పదేళ్ల పిల్లవాడికి ఇచ్చే నల్ల బెల్టును పెద్దల బెల్టుతో సమానమని చెబుతోందా, లేక పిల్లల హోదాగా వేరు చేస్తోందా అన్నది కూడా అడగదగినదే. ఎన్ని గ్రేడింగులు, ఒక్కొక్కటి ఎంత, సామగ్రి ఎంత అన్నది కలిపి మొత్తం కాగితం మీద వేయించుకోండి. నెల నెలా కట్టే ఏర్పాటుకు ఒప్పుకుంటేనే చేర్చండి, ఒకేసారి 60,000 కట్టవద్దు. ఇప్పటికే కట్టి ఇబ్బంది పడుతున్న తల్లిదండ్రులు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

అబ్బాయికి అక్కడి మాస్టారు నచ్చి, ఆయన చక్కగా నేర్పుతున్నారని మీకు అనిపిస్తే, గొలుసు సంస్థ శాఖ అన్న ఒక్క కారణంతో వద్దనుకోనక్కరలేదు.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో పన్నెండేళ్లుగా సొంతంగా కరాటే నేర్పుతున్నాను. ఒక విదేశీ గొలుసు సంస్థ ఫ్రాంచైజీ తీసుకోమంటోంది. తీసుకుంటే నా విద్య చెడుతుందా? – ఒక మాస్టారు

జవాబు: పేరు, పాఠ్యక్రమం, ఫీజుల వసూలు పద్ధతి వారు ఇస్తారు, రాబడిలో వాటా తీసుకుంటారు. అది మామూలు బేరమే. ఒప్పందంలో మీరు వెతకవలసిన వాక్యం వేరే ఉంది: గ్రేడింగ్‌లో విద్యార్థిని ఫెయిల్ చేసే అధికారం ఎవరిది? నెలకు ఇన్ని బెల్టులు ఇవ్వాలని లక్ష్యం పెట్టినా, తప్పిన విద్యార్థి ఫీజు నష్టాన్ని మీ మీద వేసినా, పన్నెండేళ్లుగా మీరు కాపాడుకున్న నిర్ణయం మీ చేతిలోంచి పోయినట్టే. నేనైతే అటువంటి ఒప్పందం మీద సంతకం పెట్టను.

ఇంకొక షరతు కూడా చూడండి. ఫ్రాంచైజీ వదిలేశాక కొన్నేళ్లపాటు ఆ ఊళ్లో కరాటే నేర్పకూడదని రాస్తుంటారు. ఒప్పందం ముగిసిన తరువాత జీవనోపాధిని అడ్డుకునే ఇటువంటి షరతులు 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవవు. ఒప్పందం నడుస్తున్న కాలంలో మాత్రం అవి నిలిచే అవకాశం ఎక్కువ. వారి పేరు, గుర్తు, ముద్రించిన పాఠాలు ఆ తరువాత వాడకూడదనే షరతు న్యాయమైనదే కనుక, ఇప్పటి మీ స్కూలు పేరును వదులుకోకుండా బోర్డు మీద వారి పేరు పక్కనే ఉంచుకునేలా ముందే మాట్లాడుకుని, ఆ మాటను కూడా పత్రంలోకి ఎక్కించండి.