ముప్పాతిక మైలు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ యుద్ధం మీద నువ్వు పంపిన కథను కోపంతో సగంలోనే పక్కన పెట్టాను. అక్క ఇంట్లో రొట్టెల పిండి కలుపుతూ, తలుపును చీల్చుకొని వచ్చిన తూటాకు బలైన ఇరవై ఏళ్ల జెన్నీ వేడ్ గురించి నువ్వు రాసిన పేరా రాత్రి గుర్తుకువచ్చి మళ్లీ తీశాను. ఆ పేరా బాగుంది. ఇక కోపం సంగతి చెబుతాను.

1863 జూలై 3 మధ్యాహ్నం సుమారు 12,500 మంది దక్షిణాది రాష్ట్రాల సైనికులు సెమినరీ రిడ్జ్ అనే గుట్ట నుంచి, ఉత్తరాది సైన్యం నిలిచిన ఎదుటి సిమెటరీ రిడ్జ్ మీదికి కదిలారు. నీ కథలో వాళ్లు ‘ఉప్పెనలా విరుచుకుపడ్డారు’. విరుచుకుపడలేదు నాయనా, నడిచారు. చాటు దొరకని పొలాల మీదుగా, ఫిరంగిగుండ్లు తమ వరుసలో ఖాళీలు చేస్తూ ఉంటే ఆ ఖాళీలను పూడ్చుకుంటూ, దాదాపు ముప్పాతిక మైలు నడిచారు. మధ్యలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు వెంట గట్టి కర్రకంచెలు అడ్డం వచ్చాయి. కంచె ఎక్కుతున్న మనిషి తుపాకీని ఏ చేత పట్టుకున్నాడు? నీ కథలో అసలు కంచే లేదు.

దూరం రాయనివాడు యుద్ధం రాయలేడన్నది నా మొండిపట్టు. ఈ దాడి గురించి మొదటిసారి చదివిన రోజుల్లో, చేతి గడియారం చూసుకుంటూ మా ఊరి చెరువుగట్టు మీద అంత దూరమూ నడిచాను. పావుగంట పట్టింది. ఆ పావుగంటలో దాహం వేసింది, చెప్పులో రాయి గుచ్చుకుంది, ఎవరూ పిలవకపోయినా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ఇదంతా కథలో పెడితే ఒక వారపత్రిక సంపాదకుడు ఆ రెండు పేజీలనూ ఎర్రసిరాతో కొట్టేసి, ‘వీరరసం చాలలేదు’ అని తిప్పి పంపాడు. తపాలా బిళ్లలు కూడా నావే. నేటికీ కథల పోటీల్లో నెత్తురు ఏరులై పారితేనే బహుమతి. నువ్వు ఆ న్యాయనిర్ణేతల కోసమే రాసినట్టున్నావు.

బయలుదేరమంటారా అని దక్షిణాది సేనాని పికెట్ అడిగినప్పుడు, ఆ దాడి ఫలించదని నమ్మిన అతని పై అధికారి లాంగ్‌స్ట్రీట్‌కు నోరు పెగలక తల మాత్రం వంచాడు. నువ్వు ఆయనచేత పన్నెండు వాక్యాల ప్రసంగం చేయించావు. అంత మౌనం చేతికి అందితే దాన్ని మాటలతో పూడ్చడానికి నీకు మనసెలా ఒప్పింది?

చివరి పేజీలో 51,000 మంది మరణించారని రాశావు. మూడు రోజుల్లో ఇరుపక్షాలలోనూ చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జాడ తెలియనివారు అందరూ కలిసిన లెక్క అది. చనిపోయినవారు అందులో ఒక భాగమే. సరిదిద్దడం కాదు, ఆ వాక్యాన్నే తీసేయి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు నీ కథలోని ఆ వర్జీనియా కుర్రవాణ్ణి కంచె దగ్గరికి తీసుకురా. కంచె మీద వాడు ఏ కాలు ముందు వేశాడో, పక్కవాడు అప్పటికి ఇంకా పక్కనే ఉన్నాడో లేదో రాసి, ఆ ఒక్క పేజీ నాకు పంపు.