‘ముంబై’ అని కొట్టకండి, ‘కల్యాణ్’ అని కొట్టండి

ప్రశ్న: మాది గట్టుప్పల్. మా చిన్నమ్మ వాళ్లు భివండీ పద్మానగర్‌లో ఉంటారు, తమ్ముడికి పుణెలో ఉద్యోగం. శుక్రవారం బయల్దేరి ఇద్దరినీ చూసి సోమవారం సాయంత్రానికి ఇంట్లో ఉండాలి. ఐఆర్‌సీటీసీలో హైదరాబాద్–ముంబై, ముంబై–పుణె, పుణె–హైదరాబాద్ అని మూడు టికెట్లు చూస్తుంటే టైమ్ కుదరడం లేదు. మంచి ట్రిప్ ప్లానర్ యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ మార్చక్కర్లేదు, అందులో కొట్టే ఊరి పేరు మార్చండి. మీరు వెళ్లేది ముంబైకి కాదు, భివండీకి. దానికి దగ్గర్లో ఉన్న పెద్ద జంక్షన్ కల్యాణ్. నాంపల్లి నుంచి వెళ్లే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ వాడి, సోలాపూర్, పుణె దాటి కల్యాణ్ మీదుగానే ముంబై చేరుతుంది. ఆ బండి ఆఖరి స్టేషన్ ముంబై సీఎస్‌ఎంటీ అక్కడికి ఇంకా 50 కిలోమీటర్లకు పైనే. నార్కట్‌పల్లిలో దిగాల్సినవాడు సూర్యాపేట దాకా పోయి వెనక్కి వచ్చినట్టన్నమాట. ఈ తెలివితక్కువ పని నేనూ ఓసారి చేశాను. రెండు సంచులతో, ఆఫీసుల వేళ, లోకల్ రైల్లో. మళ్లీ చేయను.

వెతికేటప్పుడు ‘కల్యాణ్ జంక్షన్, కేవైఎన్’ అన్నదాన్నే ఎంచుకోండి. పక్కనే కనిపించే ‘కల్యాణి’ పశ్చిమ బెంగాల్‌లో ఉంది! కల్యాణ్ నుంచి పుణె సుమారు 140 కిలోమీటర్లు. పగటిపూట నడిచే ఇంద్రాయణి, సింహగఢ్ లాంటి బళ్లలో రెండున్నర, మూడు గంటల ప్రయాణం. సెకండ్ సిట్టింగ్ చాలు. ఘాట్ ఎక్కేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే అదృష్టమే. సొరంగాల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి టికెట్ ముందే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. ఆదివారం రాత్రి పుణెలో రైలెక్కాలని మీరు ఆదివారం తేదీయే పెడుతున్నారు కదా? ముంబైలో రాత్రి పది ప్రాంతంలో కదిలే బండి పుణెకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి క్యాలెండర్‌లో సోమవారం. మీరు ఎక్కేది పుణెలో కాబట్టి సోమవారం తేదీయే పెట్టాలి. ఆదివారం తేదీతో తీసుకుంటే ఆ బండి శనివారం రాత్రే పుణె దాటిపోతుంది, మీరేమో అప్పటికి చిన్నమ్మ ఇంట్లో నిద్రపోతుంటారు. డబ్బు కట్టే ముందు, పుణెలో బండి ఎక్కే సమయం పక్కన ఉన్న తేదీని ఒకటికి రెండుసార్లు చూడండి.

బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది. 2024 అక్టోబర్ వరకు 120 రోజులు ఉండేది. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఈ రోజే చేసుకోండి. 2025 జులై నుంచి అది లేకుండా ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ రాదు. బండి తన మొదటి స్టేషన్‌లో బయల్దేరే తేదీకి ముందు రోజు (మీ పుణె టికెట్‌కైతే శనివారం) ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు తెరుస్తారు. 9:58కి ఆధార్ ఓటీపీ కోసం టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. ‘ఎక్కేద్దాం, టీసీతో మాట్లాడదాం’ అన్నది దానికి పనికిరాదు.

రాత్రి నిద్రలో కల్యాణ్ దాటిపోతుందని భయమైతే ‘వేర్ ఈజ్ మై ట్రైన్’లో స్టేషన్ అలారం పెట్టుకోండి. సెల్ టవర్లను బట్టి రైలు ఎక్కడుందో కనిపెడుతుంది, నెట్ లేకపోయినా పని చేస్తుంది. తెలుగులోనూ ఉంది.

ప్రశ్న: నారాయణపేట నుంచి రాస్తున్నాను. పుణెలో పని చూసుకుని ముంబై వెళ్లా. గూగుల్ మ్యాప్స్‌లో రెండు నగరాలనూ ఆఫ్‌లైన్‌లో దించుకున్నా. అయినా లోకల్ రైలు దారి చూపించలేదు. ఫోన్ పాతదనా?

జవాబు: ఫోన్ తప్పేం లేదు. ఆఫ్‌లైన్ మ్యాప్ రోడ్డు మీద వాహనం నడిపేవాళ్లకు దారి చెబుతుంది, అంతే. రైళ్లు, బస్సులు, నడక దారి, ట్రాఫిక్... వీటన్నిటికీ నెట్ కావాల్సిందే. ముంబై లోకల్ టైముల కోసం ‘ఎం-ఇండికేటర్’ పెట్టుకోండి, టైమ్‌టేబుల్ నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. లోకల్ టికెట్‌కు రైల్వేవాళ్ల ‘రైల్‌వన్’ ఉంది. టికెట్‌ను యాప్‌లోనే చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. అందుకని ఛార్జింగ్ ఐదు శాతంతో లోకల్ ఎక్కకండి.

ప్రశ్న: మరాఠీ బోర్డులు చదవడానికి ఏదైనా ఉపాయం? (జడ్చర్ల)

జవాబు: గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో కెమెరా గుర్తు నొక్కి బోర్డు వైపు పెట్టండి. బయల్దేరే ముందే మరాఠీని ఇంటి వైఫైలో దించుకోండి. హిందీ చదవడం వస్తే లిపి ఒకటే కాబట్టి స్టేషన్ పేర్ల వరకు ఇది కూడా అక్కర్లేదు.