నా శరీరం నాదే అయినప్పుడు కిడ్నీ అమ్ముకుంటే నేరమా?

సందేహం: నాకు 34 ఏళ్లు. వ్యాపారంలో నష్టపోయి అప్పులపాలయ్యాను. ఒక కిడ్నీ ఇస్తే అప్పు మొత్తం తీరేంత డబ్బు ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ కూడా రాసుకుందామంటున్నాడు. నేను మేజర్‌ని. ఎవరి బలవంతమూ లేదు. శరీరం మీద హక్కు వ్యక్తిదేనని సుప్రీంకోర్టే చెప్పింది కదా, మరి ఇందులో నేరం ఎక్కడుంది? సంతకం పెట్టాక మనసు మారితే వాళ్లు నా మీద కేసు వేయగలరా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం, అర్జంటుగా తెలియాల్సింది అదే. వేయలేరు. చట్టం నిషేధించిన పని కోసం రాసుకున్న ఒప్పందం కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. దాన్ని ఎంత ఖరీదైన స్టాంప్ పేపర్ మీద రాసినా అంతే. ఆపరేషన్ టేబుల్ ఎక్కే క్షణం దాకా మీరు వద్దనవచ్చు. అయితే ఇదే సూత్రం మీకు ఎదురు తిరుగుతుంది కూడా. కిడ్నీ తీసుకున్నాక చెప్పిన డబ్బులో సగమే చేతిలో పెట్టి పొమ్మంటే, మిగతా సగం కోసం మీరూ ఏ కోర్టుకూ వెళ్లలేరు. ఈ దందాలో బ్రోకర్ల ధైర్యమంతా అదే.

ఇక నేరం విషయం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణ తర్వాత, అవయవాల వ్యాపారానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఇది కొనేవాడికీ, బ్రోకర్‌కీ మాత్రమే అనుకోకండి. డబ్బు పుచ్చుకునేవారు, డబ్బుకు అవయవం ఇస్తామని ముందుకు వచ్చేవారు కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తారు. దగ్గరి బంధువులు కానివారికి ప్రేమాభిమానాలతో ఇవ్వాలంటే, అవయవదానానికి అనుమతి ఇచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు హాజరు కావాలి. వాళ్లు ఇద్దరి ఆర్థిక స్థితినీ చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు, దాన్ని వీడియో తీస్తారు. బ్రోకర్లు అక్కడ మిమ్మల్ని కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియని మనిషిని ‘చిన్ననాటి స్నేహితుడు’ అని చెప్పిస్తారు. అఫిడవిట్‌లో ఆ అబద్ధం కింద ఉండేది మీ సంతకమే. బ్రోకర్ పేరు ఏ కాగితంలోనూ కనిపించదు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు మాటకు వస్తాను. నా శరీరానికి నేనే యజమాని అన్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. మనిషికి తన మీద తనకు సొంతహక్కు ఉంటుందని, మిగతా ఆస్తి హక్కులన్నీ అందులోంచే పుడతాయని 17వ శతాబ్దంలోనే ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ రాశాడు. 20వ శతాబ్దంలో అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ ఇంకా ముందుకెళ్లి, స్వేచ్ఛ ఉన్న సమాజంలో మనిషి తనను తాను బానిసగా అమ్ముకోవడానికి కూడా వీలుండాలన్నాడు. ఇరాన్‌లో కిడ్నీ ఇచ్చినవారికి డబ్బు చెల్లించడం చట్టబద్ధమే. కాబట్టి మీలా ఆలోచించేవారు చాలామందే ఉన్నారు. కానీ అదే లాక్, మనిషి ఒప్పందం మీద తనను తాను బానిసగా ఇచ్చుకోలేడని కూడా రాశాడు. 1859లో మరో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ అన్నదీ ఇంచుమించు అదే: స్వేచ్ఛను వదులుకునే స్వేచ్ఛ అనేది ఉండదు.

మన రాజ్యాంగం ఈ రెండోవైపు నిలబడింది. 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ప్రైవసీ తీర్పునే మీరు ప్రస్తావించారనుకుంటాను. శరీరం మీద నిర్ణయం వ్యక్తిదేనని, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కింద అది ఒప్పుకుంది. ఆ హక్కు ఎంత గట్టిదో చెప్పడానికి 2008 నాటి ఒక సుప్రీంకోర్టు కేసు చాలు. ఒక మహిళ పరీక్ష కోసమని లాప్రోస్కోపీకి (చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో పొట్ట లోపల చూడటానికి) సంతకం పెట్టారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి తీసేశారు. చికిత్సకు అదే మంచిదని డాక్టర్ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఆమె మేజర్, ప్రాణాపాయం లేదు, కాసేపట్లో మెలకువ వస్తుంది, అప్పుడు ఆమెనే అడగాల్సింది అంది. కన్నతల్లి సంతకం కూడా చెల్లలేదు. 2010లో, మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలు అడగడం) చేయకూడదని పోలీసులకూ ఇలాగే చెప్పింది.

ఈ తీర్పులన్నీ చెప్పేది ఒక్కటే, మీ ఒంటి మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదని. ఆ శరీరం మీ ఆస్తి అని మాత్రం ఏ తీర్పూ అనలేదు. మీకు రెండూ ఒకటే అనిపించవచ్చు. అప్పుల్లో ఉన్నారు కాబట్టి మీరే ఈ తేడాను అందరికంటే జాగ్రత్తగా చూడాలి.

ఆస్తి అంటే ఏమిటి? అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. బాకీ కట్టకపోతే కోర్టు జప్తు చేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో జప్తు చేయకూడని వాటి జాబితా ఉంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు వ్యవసాయ సామగ్రి. కిడ్నీ ఆ జాబితాలో లేదు. శరీరం ఆస్తి అని ఆ చట్టం రాసినవాళ్లకు తోచనే లేదు కాబట్టి లేదు. రేపు అది అమ్మకానికి పెట్టే వస్తువైతే, ఈరోజు మీ ఇంటి ముందు నిలబడ్డ అప్పులవాడు ‘ఏమీ లేదంటావేం, రెండు కిడ్నీలున్నాయి కదా’ అనగలడు. ప్రామిసరీ నోటులో అది కూడా ఒక షరతు అవుతుంది. ఇప్పుడు ఆ మాట అనడానికి వీల్లేకుండా మీకు అడ్డంగా నిలబడింది, మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందని మీరనుకుంటున్న ఈ చట్టమే.

‘ఎవరి బలవంతమూ లేదు’ అని కూడా రాశారు. అప్పు లేకపోతే ఈ ఉత్తరం రాసేవారా? 1982లో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరి గురించి చెబుతూ, ఆకలి, పేదరికం చేసే ఒత్తిడి కూడా బలవంతమేనంది. కూలీల కేసులో అన్న మాటే అయినా, మీ ఉత్తరం చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

కాబట్టి అప్పు సంగతే చూద్దాం. కట్టలేని పరిస్థితిలో ఉన్నవాణ్ణి కేవలం కట్టలేదన్న కారణంతో జైల్లో పెట్టకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బుండీ ఎగ్గొట్టేవారి సంగతి వేరు. నిజంగా చేతులెత్తేసిన స్థితి అయితే 1920 నాటి ఇన్సాల్వెన్సీ (దివాలా) చట్టం ఉంది. జనం ‘ఐపీ పెట్టాడు’ అని చులకనగా అంటారు గానీ, అది చట్టం ఇచ్చిన దారి, సిగ్గుపడాల్సిన పని లేదు. లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వివరాలు చెబుతారు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, ఆదాయం తక్కువున్నవారు ఉచిత న్యాయసాయానికి అర్హులు.

ఆ బ్రోకర్‌కు ఇప్పటికే మెడికల్ రిపోర్టులు, ఆధార్ కాపీ ఇచ్చి ఉంటే ఏ తేదీన ఇచ్చారో రాసి పెట్టుకోండి. ఫోన్‌లో మెసేజీలు చెరిపేయకండి. సెక్యూరిటీ కోసమని ఖాళీ చెక్కు తీసుకుని ఉంటే భయపడకండి, చట్టబద్ధంగా వసూలు చేసుకోదగిన బాకీ ఉంటేనే చెక్‌బౌన్స్ కేసు నిలుస్తుంది. అడ్వాన్స్ పుచ్చుకుని ఉంటే మాత్రం అది విడిగా చూడాల్సిన విషయం, ఖర్చుపెట్టకుండా ఈ వారంలోనే ఒక లాయర్‌ని నేరుగా కలవండి. జరిగింది జరిగినట్టు చెప్పండి, మీరు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు.