నీళ్లు నిలవని కాలువ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఐర్లండులోని గాల్వే నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. కాంగ్ అనే ఐరిష్ పల్లె చరిత్ర మీద పద్దెనిమిది పేజీలు రాశావు. నేను రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి లొంగుతోంది, ఆ విషయంలో నేను చెప్పవలసింది పెద్దగా లేదు. అయితే పదకొండో పేజీలో ఆ ఊరి ఎండు కాలువ గురించి రాసిన పేరా దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. సున్నపురాయి నేలలో కాలువ తవ్వారనీ, ప్రారంభోత్సవం నాడు నీళ్లు వదిలితే అవి అందరి కళ్లముందే భూమిలోకి ఇంకిపోయాయనీ, దొరలూ ఇంజనీర్లూ నోరెళ్లబెట్టి నిలబడ్డారనీ రాశావు. చదివి నేనూ నవ్వాను. నవ్విన తరువాత మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఈ ఉత్తరంలో చాలాభాగం ఆ ఒక్క పేరా కోసమే.

నాలుగేళ్ల కిందట మా కూతురి ఇంట్లో రెండు నెలలు ఉన్నప్పుడు నేను కూడా ఆ ఊరు వెళ్లాను. ఉత్తరాన మాస్క్ సరస్సు, దక్షిణాన కారిబ్ సరస్సు, రెండింటి నడుమ మెడలాంటి సన్నని నేల, ఆ నేల మీద ఊరు. ఐరిష్ భాషలో ఆ పేరుకు అర్థం కూడా దాదాపు అదే. మాస్క్ సరస్సు నీళ్లు నేలమీద నదిగా పారి కారిబ్‌ను చేరవు. సున్నపురాయి సందుల్లోకి దిగి, పాతాళమార్గాన ప్రయాణించి, కాంగ్ దగ్గర ఊటలుగా పైకి వస్తాయి. నేను వెళ్లింది ఎండాకాలం కనుక కాలువ పొడిగా ఉంది. గట్టు దిగి అడుగున నడిచాను. గోదావరి లాకుల పక్కన పుట్టి పెరిగినవాణ్ణి గనుక లాకు గోడ కనబడగానే చేయి దానంతటదే వెళ్లి రాతిమీద ఆనింది. చక్కగా చెక్కి, అంచులు కలిపి పేర్చిన రాళ్లు. తలుపులు బిగించడానికి అంతా సిద్ధమై, తలుపులు మాత్రం రాని లాకు అది. నీటి పాచి కాక, గడ్డీ నాచూ మొలిచిన లాకును నేను మొదటిసారి అక్కడే చూశాను.

ఇప్పుడు నువ్వు రాసిన కథకు వద్దాం. ఆ నేల నీటిని నిలవనివ్వదన్న మాట నిజమే. కాని పడవల కోసం ఆ కాలువను తెరిచిన ఉత్సవం అంటూ ఏదీ జరగలేదు, ఎందుకంటే పని పూర్తి కానే లేదు. 1848లో మొదలైన ఆ పనిలో మూడు ఉద్దేశాలు కలిసి ఉన్నాయి: ముంపు నీటిని దించడం, రెండు సరస్సుల మధ్య పడవలు నడపడం, కరువులో ఉన్న జనానికి కూలి చూపించడం. 1851లో రైలు గాల్వే దాకా వచ్చేసి, పడవలకు పోటీ అయింది. ఖర్చు పెరుగుతూ పోయింది. కరువు తరువాత కూలీలు దొరకడం కష్టమైంది. 1854లో పడవల మార్గానికి సంబంధించిన పని ఆపి, ముంపు నీటి పారుదల వరకే చూసుకోమని ఉత్తర్వు వచ్చింది. అంటే కాలువ చచ్చింది కేవలం ఇంజనీరు తెలివితక్కువతనం వల్ల కాదు, లెక్కల పుస్తకంలో కూడా దానికి మరణశాసనం రాశారు. అయినా ఊరు ఇంకిపోయిన నీళ్ల కథనే చెప్పుకుంటుంది. నువ్వు ఆ కథను తీసివేయనక్కరలేదు. ఊరు నూటయాభై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్న కథ కూడా వారసత్వమే. దాన్ని ఊరి నోటితోనే చెప్పించు, ఉత్తర్వు సంగతి నీ నోటితో చెప్పు. నువ్వు రెండు గొంతులనూ కలిపి ఒక గొంతు చేశావు.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. 1848 అన్న అంకె వేసి, దాని పక్కన కరువు అన్న మాట వేయడం మరిచిపోయావు. బంగాళదుంప పంటకు తెగులు సోకి 1845లో మొదలైన ఆ మహాక్షామంలో ఐర్లండులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందీ ఓడలెక్కి వెళ్లిపోయారు. కాంగ్ ఉన్న మేయో కౌంటీ జనాభా 1841లో 3,88,887. పదేళ్ల తరువాత 2,74,499. ఆ రెండు అంకెల మధ్య మాయమైన మనుషుల ఇరుగుపొరుగు వాళ్లే ఆ కాలువ తవ్వారు. ఖాళీ కడుపుతో పార పట్టినవాడు చెక్కి పేర్చిన రాతిని చూసి మనం నవ్వుతున్నాం. నువ్వు చేసిన తప్పు నేనూ చేశాను గనుకనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నా ఇరవైనాలుగో ఏట మా ఊరి కాలువ మీద ఒక వ్యాసం రాశాను. కాంగ్ కాలువ తవ్వుతున్న ఆ ఏళ్లలోనే, 1847 నుంచి 1852 వరకు, ధవళేశ్వరంలో ఆనకట్ట లేచింది. నా వ్యాసంలో కాటన్ దొర ఉన్నాడు, గుర్రం ఉంది, గోదావరి ఉంది. ఊరి గ్రంథాలయంలో దాన్ని చదివి వినిపిస్తే, వెనకాల గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలాయన, తాతల నాటి నుంచి మట్టిపని చేసిన కుటుంబం ఆయనది, "బాగుంది బాబూ, మరి మట్టి ఎవరు మోశారంటావు?" అని అడిగాడు. సభలో ఎవరూ నవ్వలేదు. ఆ వ్యాసం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, ఎక్కడా అచ్చు వేయించలేదు.

నీ వ్యాసంలో రాజులు మరీ ఎక్కువయ్యారని కూడా అనిపించింది. ఐర్లండు ఆఖరి మహారాజు రోరీ ఓ కానర్ చివరి సంవత్సరాలు కాంగ్ మఠంలోనే గడిపి 1198లో కన్నుమూశాడు. అది చెప్పవలసిందే, ఒక పేరాలో చెప్పు, చాలు. అతని తండ్రి టర్లో 1123లో చేయించిన ఊరేగింపు శిలువ గురించి మూడు పేజీలు రాశావు. ఓక్ కర్ర మీద కంచు రేకులు, బంగారు తీగపని, నడిమధ్యన స్ఫటికం, ఇవన్నీ కళ్లకు కట్టాయి. 1839లో డబ్లిన్ గణిత ఆచార్యుడు జేమ్స్ మెక్‌కల్లా దాన్ని నూరు గినీలకు కొని రాయల్ ఐరిష్ అకాడమీకి ఇవ్వడం, ఇప్పుడది డబ్లిన్ జాతీయ మ్యూజియంలో ఉండటం కూడా రాశావు. అయితే శిలువ అంచు వెంబడి చెక్కిన అక్షరాల్లో రాజు పేరుతో పాటు, దాన్ని చేసిన పనివాడి కోసం కూడా ప్రార్థించమని, అతని పేరు మేల్ ఈసు అని, స్పష్టంగా ఉంది. తొమ్మిదివందల ఏళ్ల కిందటి కంసాలి పేరు దొరకడం ఎంత అరుదో నీకు తెలుసు. నీ మూడు పేజీల్లో అతను లేడు. ఇంకొక సంగతి: శిలువను చేసింది కాంగ్‌లో కాదు, రాస్‌కామన్‌లో, ట్యూమ్ చర్చి కోసం. అది కాంగ్ పేరు ఎలా మోస్తోందన్నదే ఊరికి సంబంధించిన అసలు కథ, దాని మీద నువ్వు రెండే వాక్యాలు ఖర్చుపెట్టావు.

మఠం వెనక నది మీద ఉన్న చేపల గది మాత్రం బాగా రాశావు. దాన్ని ఒక్క మాట కూడా మార్చకు. నీటి మధ్య రాతి దిమ్మె మీద కట్టిన ఒంటిగది, నేలలో ఒక కన్నం, కన్నం కింద నది, చలి కాచుకోవడానికి పొయ్యి. వల బరువెక్కితే గదిలోంచి తాడు లాగి, మఠం వంటింట్లో గంట మోగించి వంటవాడికి చెప్పేవారని ఊరివాళ్లు అంటారు. ఆ కన్నం అంచున మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశానని రాశావే, ఆ వాక్యంలో నువ్వు చరిత్ర పుస్తకాల బరువంతా దించుకున్నావు. పద్దెనిమిది పేజీల్లో నీ ఒళ్లు ఆ ఊరి నేలకు తగిలింది అక్కడొక్కచోటే.

ఆష్‌ఫర్డ్ కోట, 1852లో దాన్ని కొన్న గిన్నెస్ కుటుంబం, 1951లో వచ్చి సినిమా తీసి వెళ్లిన హాలీవుడ్ బృందం, ఇవన్నీ పర్యాటకుల కరపత్రంలో దొరుకుతాయి; కుదించు. సినిమా సంగతి పూర్తిగా తీసేయమనను, ఊరు ఇవాళ్టికీ దాని మీద బతుకుతోంది గనుక.

కుదించగా మిగిలిన చోటును దేనికి ఇవ్వాలంటే, నువ్వు నాలుగు వాక్యాల్లో దాటేసిన బాయ్‌కాట్ దొరకు. కాంగ్‌కు కొద్ది మైళ్ల దూరంలో, మాస్క్ సరస్సు ఒడ్డున, ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటుగా ఉండేవాడు చార్లెస్ బాయ్‌కాట్. 1880లో పంట దెబ్బతిన్నదని కౌలుదార్లు శిస్తు తగ్గించమంటే, అడిగినంత తగ్గించలేదు. అప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతన్ని కొట్టలేదు, ఇల్లు తగలబెట్టలేదు. కూలీలు పొలంలోకి దిగలేదు, కమ్మరి గుర్రానికి నాడా కొట్టలేదు, చాకలి బట్టలు ఉతకలేదు, దుకాణాల్లో సరుకు ఇవ్వలేదు, టపా తెచ్చే కుర్రవాడు రాలేదు. పొలంలోని దుంపలు తవ్వి తీయడానికి ఉత్తరాది నుంచి యాభై మంది వచ్చారు. వాళ్లకు కాపలాగా సుమారు వెయ్యి మంది సైనికులూ పోలీసులూ వచ్చారు. దుంపల విలువ కన్నా కాపలా ఖర్చు ఎన్నో రెట్లు. నవంబరు ముగిసేసరికి ఆ దొర ఇల్లు విడిచి వెళ్లిపోయాడు.

ఈ పద్ధతికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు, పక్క ఊరు నీల్‌లో చర్చి ఫాదరీ జాన్ ఓమాలీ, పండితుల మాట అయితే రైతుల నోరు తిరగదని, దొర పేరునే క్రియాపదం చేద్దామని అన్నాడట; ఆయనతో మాట్లాడిన అమెరికన్ పాత్రికేయుడు జేమ్స్ రెడ్‌పాత్ ఆ మాట రాసిపెట్టాడు. ఇక్కడ నీకు తెలుగువాడి కోసం ఒక వాక్యం రాసే హక్కు ఉంది. మన పత్రికలు సభను బాయ్‌కాట్ చేశారని రాసినప్పుడల్లా మేయో రైతు ఒకడు మన శీర్షికలో కూర్చుంటున్నాడు. మన పల్లెల్లో వెలి అనే మాట కూడా ఉంది, అయితే అది బలవంతులు బలహీనుల మీద వేసేది. మాస్క్ సరస్సు ఒడ్డున వెలి వేసినవాళ్లు కౌలుదార్లు. ఆ తేడాను నువ్వే విప్పు, నేను చెప్పినట్టు రాయకు.

మదనపల్లెను మాత్రం వదిలిపెట్టు. మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆడపడుచన్నది, 1919లో రవీంద్రుడు మదనపల్లెలో ఉండగా జనగణమన స్వరపరచడంలో ఆమె పాలుపంచుకున్నదన్నది నిజం. కాని ఆమె రాస్‌కామన్ కౌంటీ బాయిల్ పట్నం మనిషి, కాంగ్‌కు ఆమెతో పని లేదు. తెలుగు పాఠకుడు దూరదేశపు పల్లె గురించి చదవాలంటే చివర మన ఊరి పేరు ఒకటి తగిలించాలన్న భయం నీలో ఉంది. ఆ భయం సంపాదకులు పెట్టిందే తప్ప పాఠకులు పెట్టింది కాదు.

ఇక ఎక్కడ వెదకాలో చెబుతాను. 1922లో డబ్లిన్‌లో జరిగిన పోరులో ప్రభుత్వ దస్తావేజుల భవనం కాలిపోయి, పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగపు జనాభా లెక్కల కాగితాలు చాలావరకు బూడిదయ్యాయి. అయితే 1901, 1911 సంవత్సరాల లెక్కల్లో ప్రతి ఇంటి కాగితమూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా కనబడుతుంది. 1911 కాగితం తెరిచి చూడు. ఐరిష్ భాష వచ్చా రాదా అన్న గడి ఉంటుంది. చదవడం, రాయడం వచ్చా అన్న గడి ఉంటుంది. సంతకం రానివాడి గుర్తు ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్ల వరసలో పక్కపక్కనే రెండు అంకెలు ఉంటాయి: ఎంతమంది బిడ్డలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు. కాంగ్‌లో ఒక్క వీధి తీసుకుని, ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి ఇంటింటికీ నడువు. 1937 నుంచి 1939 వరకు ఆ దేశంలోని బడిపిల్లలు సుమారు యాభైవేల మంది, ఇళ్లలో పెద్దలు చెప్పిన కథలూ నమ్మకాలూ వైద్యాలూ నోటుపుస్తకాల్లో రాసి ఇచ్చారు. అవీ పుటపుటా చూడవచ్చు. మన కైఫీయతుల మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు; వాటిని కరణాలూ ఊరి పెద్దలూ చెబితే, వీటిని పన్నెండేళ్ల పిల్లలు రాశారు. అక్షరదోషాలతో సహా చదువు.

ఆస్కార్ వైల్డ్ తండ్రి విలియం వైల్డ్ సంగతి కూడా జాగ్రత్త. పేరున్న కంటి, చెవి వైద్యుడు. కాంగ్ దగ్గర ఇల్లు కట్టుకుని, ఆ సరస్సు తీరాల మీద 1867లో పుస్తకం వేసి, పొలాల్లోని ప్రతి రాళ్లగుట్టనూ పురాణకాలపు మోయ్‌తురా యుద్ధంలో ఒక్కొక్క ఘట్టానికి అంటగట్టాడు. ఆ పేరుతో పురాణంలో రెండు యుద్ధాలు ఉన్నాయి; వాటిలో ప్రసిద్ధమైనదాన్ని పండితులు ఎక్కువమంది స్లైగో కౌంటీ వైపు చూపిస్తారు. నువ్వు ఆయన మాటను ఆధారంగా తీసుకున్నావు. ఆయన్ని ఆధారంగా కాక, పాత్రగా తీసుకో. రోగులను చూసి అలసిన వైద్యుడు సెలవుల్లో రాళ్ల మధ్య యుద్ధం జరిపించుకోవడం, నాకైతే యుద్ధం కన్నా అదే ఇష్టంగా ఉంది.

పదకొండో పేజీ మళ్లీ రాయడానికి తొందరపడకు. నేను చూసింది ఎండాకాలపు కాలువ. చలికాలంలో సరస్సులు పొంగినప్పుడు అందులో నీళ్లు పారతాయని అక్కడివాళ్లు చెప్పారు, నేను చూడలేదు. జనవరిలో ఒక రోజు సెలవు పెట్టి వెళ్లు. గొడుగు పనికిరాదు, వానకోటు వేసుకో. లాకు గోడ మీద నీళ్లు ఏ రాతి వరస దాకా వచ్చాయో లెక్కపెట్టి, ఇంటికి రాగానే నాకు రాయి.

నీ మేలుకోరే
మాస్టారు