అణు పరీక్షల ఫోటోలను గోడకు తగిలించే ముందు

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీలో అణు పరీక్షల ఫోటోల ప్రదర్శన పెడుతున్నానని రాశావు. ఇన్నేళ్లు ఫిజిక్స్ చెప్పినవాడిగా నేను గట్టిగా చెప్పేది ఒకటే. పేలుడు మొదలైన ఎంతసేపటికి తీసిందో, అందులో కనిపిస్తున్నది ఎంత పెద్దదో ప్రతి ఫోటో కిందా రాయి. ఆ రెండూ తెలియకపోతే, ఎంత అందంగా ఉన్నా ఆ ఫోటో పెట్టవద్దు.

వాటిని తీసిందే కొలవడానికి. 1945 జూలై 16న అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో జరిగిన ట్రినిటీ అనే మొట్టమొదటి అణు పరీక్ష ఫోటో ఒకటి చూడు: మూలన ‘0.016 సెకను’ అని, పక్కనే 100 మీటర్ల గీత ఉంటాయి. ఇలాంటి ఫోటోలు బయటికి వచ్చాక ఇంగ్లండ్‌లో భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ వాటితోనే పేలుడు శక్తిని లెక్కకట్టి, సుమారు 17,000 టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థానికి సమానమని 1950లో ప్రచురించాడు. అగ్నిగోళం వ్యాసార్థాన్ని ఐదో ఘాతానికి పెంచి, కాలం వర్గంతో భాగిస్తే దాదాపు మారని సంఖ్య వస్తుంది. ఇది ఇంటర్ పిల్లలు కూడా చేయగల లెక్క. ఒక చార్టు మీద చేసి చూపించు.

అమెరికాలోని నెవడా ఎడారిలో జరిగిన పరీక్షల ఫోటోల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. అమెరికా ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ బృందం ఇలాంటి ఫోటోల కోసం చేసిన రాపట్రానిక్ అనే అతివేగపు కెమెరాలో కదిలే షట్టర్ లేదు. కాంతి దాటకుండా ఒకదానికొకటి అడ్డంగా నిలిపిన రెండు పోలరాయిడ్ ఫిల్టర్ల మధ్య గాజు, దాని చుట్టూ తీగచుట్ట ఉండేవి. కరెంటు పారినంతసేపే కాంతి లోపలికి దాటేది. ఒక కెమెరాకు ఒకే ఫోటో కాబట్టి చాలా కెమెరాలను వరుసగా పెట్టేవారు. అగ్నిగోళం కింద ముళ్లలా పొడుచుకొచ్చేవి బాంబు ఉంచిన టవరును లాగి కట్టిన తీగలు. ఆ వెలుగుకే అవి ఆవిరైపోతున్నాయి. నల్లరంగు పూస్తే ముళ్లు పెరిగాయి, రేకు చుడితే రాలేదు. ఈ సంగతి తప్పక రాయి.

ఎక్కడివో తెలియని కాపీలు వద్దు. అమెరికా అణ్వాయుధ పరిశోధన కేంద్రమైన లివర్‌మోర్ ప్రయోగశాల పాత ఫిల్ములను స్కాన్ చేసి 2017లో విడుదల చేయడం మొదలుపెట్టింది, పరీక్ష పేరుతో సహా. వాటిని వాడు.

పసిఫిక్ సముద్రంలో అమెరికా అణు పరీక్షలు జరిపిన బికినీ దీవి ఫోటోలు పెడితే పుట్టగొడుగు మేఘంతో ఆపేయకు తల్లీ. 1946లో అక్కడి 167 మందిని దీవి ఖాళీ చేయించారు. దీవి ఇమ్మని అమెరికా నౌకాదళ అధికారి వాళ్లను అడిగే ఘట్టాన్ని కెమెరాల కోసం మళ్లీ మళ్లీ నటింపజేశారు. ఆ ఫోటో దొరికితే మేఘం కన్నా ముందు పెట్టు. నటింపజేసి తీసినదని కూడా రాయి.

రాసిన వ్యాఖ్యలు నాకు పంపు, సంఖ్యలు సరిచూస్తాను.

పెదనాన్న