ఇంజిన్ వేడెక్కినా కారు హీటర్ నుంచి చల్లగాలే ఎందుకు వస్తుంది?

పెట్రోలు, డీజిలు కార్లలో ఇంజిన్ వేడెక్కినా హీటర్ చల్లగాలే ఇస్తుంటే, చాలాసార్లు దానికి కారణం కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిపోవడమే. ఇంజిన్‌లో కాగిన కూలెంట్ డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటర్ గుండా ప్రవహిస్తేనే దాని మీదుగా వీచే గాలి వేడెక్కుతుంది. కూలెంట్ తగ్గితే అక్కడ గాలి బుడగలు చేరి ఆ ప్రవాహం ఆగిపోతుంది. ఉదాహరణకు, చలికాలంలో లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు వెచ్చగా వచ్చిన గాలి, బండి ఆపి ఇంజిన్‌ను ఆపకుండా ఐడ్లింగ్‌లో ఉంచగానే చల్లబడితే, ముందుగా కూలెంట్ మట్టాన్నే అనుమానించాలి. ఏసీ గ్యాస్ అయిపోయిందనుకోవడం పొరపాటు, హీటర్ వేడికి ఆ గ్యాస్‌తో సంబంధం లేదు. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిస్తే ఏసీ నీరేనని వదిలేయకూడదు. ఆ తడి జిగటగా, తియ్యని వాసనతో ఉండి, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంటే కారుతున్నది కూలెంటే. మట్టం చూడటానికి మూత తీసేది మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే.