ప్యాకేజీ వాడికి ఆటుపోట్లు పట్టవు

ప్రశ్న: ఫిబ్రవరిలో అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తయ్యగారు. ఆవిడకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఏజెంటు ఐదు రాత్రుల ప్యాకేజీలో పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ అన్నీ చూపిస్తానంటున్నాడు. మా ఆయన సొంతంగా వెళ్దామంటారు. నాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఆయన మాట వినండి. మొత్తం కాదు, ముప్పాతిక.

మొదటిసారి నేనూ ప్యాకేజీలోనే వెళ్లాను. నీల్ దీవిలో (ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు) మన తిరుమల శిలాతోరణం లాంటిదే ఒకటి సముద్రపు ఒడ్డున ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే రాళ్ల మీదుగా దాని దాకా నడవగలం. మా డ్రైవరు కాగితంలో ఉన్న ప్రకారం మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్లాడు. సముద్రం పోటు మీదుంది. కొబ్బరి బోండాం తాగి వెనక్కొచ్చాం. రేపు పొద్దున తీసుకెళ్లమంటే, "రేపు పొద్దున మీకు బోటుంది మేడమ్" అన్నాడు!

రెండోసారి సొంతంగా వెళ్లి నీల్‌లో రెండు రాత్రులున్నాం. ఆటు ఎప్పుడని బసలోని కుర్రాణ్ణి అడిగాను. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందట. పొద్దున్నే వెళ్తే తోరణం కింద మేమూ, రాళ్ల గుంటల్లో పీతలూ తప్ప ఎవరూ లేరు. మీ అత్తయ్యగారు మాత్రం అక్కడ దిగకూడదు, రాళ్లు జారతాయి.

ఐదు రాత్రులకు నాలుగు చోట్లంటే బోట్లలోనే సరిపోతుంది. బారాటాంగ్ తీసేయండి. తెల్లవారకముందే లేచి, జిర్కాటాంగ్ గేటు దగ్గర బారులో నిలబడి, జారవా అనే ఆదివాసులుండే అడవి మీదుగా కాన్వాయ్‌లో వెళ్లాలి. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆపైన బోటు, గుహల దాకా నడక. మోకాళ్ల సంగతి అటుంచితే, ఎవరైనా కనిపిస్తారేమోనని వ్యాన్ అద్దాలకు అతుక్కుపోయిన ఆ ముఖాలు నాకు నచ్చలేదు.

విమానం, బోట్ల టికెట్లు, బసలు ముందే బుక్ చేసుకోండి. ప్రభుత్వ బోటు చవక గానీ టికెట్ దొరకడం కష్టం. అత్తయ్యగారి కోసం ప్రైవేటుదే తీసుకోండి. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కి నాలుగింటికల్లా చేరండి, ఆ నెలలో అక్కడ ఐదున్నరకే సూర్యాస్తమయం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకరోజు కారు మాట్లాడుకుంటే చాలు. సెల్యులార్ జైలు మెట్లు మీరెక్కండి, ఆవిణ్ణి సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షోకి కూర్చోబెట్టండి.

భాష గురించి బెంగ వద్దు. నేను వచ్చీరాని హిందీలో ఆటో బేరమాడుతుంటే అతను "ఎక్కడికండీ?" అన్నాడు. వాళ్ల తాతది శ్రీకాకుళం జిల్లాయట.

బాబుకి పాదం మొత్తం కప్పే రబ్బరు బూట్లు కొనండి. పగడపు రాళ్లు కోసుకుంటాయి.